బ్రౌజర్‌లో తెలుగు వరుస ఎలా కుదురుతుంది, వత్తులు ఎందుకు తెగుతాయి

విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ అని ఒక పేట ఉంది. ఫోన్‌లో ఆ పేరు ఒక సైట్‌లో సరిగ్గానే కనిపిస్తుంది. ఇంకో సైట్‌లో ‘అజిత్సింగ్నగర్’ అని, త కింద స వత్తు, గ కింద న వత్తు వచ్చి నోరు తిరగని మాటలా తయారవుతుంది. మరోచోట గడిలో పట్టక పక్కకి పొడుచుకొస్తుంది, లేదంటే మధ్యలో విరిగి సగం కింది వరుసలో పడుతుంది. వార్తల సైట్లలో శీర్షిక కింద వత్తులు బ్లేడుతో కోసినట్టు సగమే కనిపించడం కూడా చాలామంది చూసే ఉంటారు. ఫోన్ అదే, రాసిందీ తెలుగే. తప్పు ఫాంట్‌దని కొందరు, ఫోన్‌దని కొందరు అంటారు. టైపు చేసినవాళ్లని తిట్టుకునేవాళ్లకీ కొదవ లేదు.

వీటిలో కొన్ని నిజంగా టైపింగ్ పొరపాట్లే. మిగతావి మాత్రం బ్రౌజర్ లోపల ‘ఇన్‌లైన్ లేఅవుట్’ అనే భాగంలో తేలే సంగతులు. ఓపెన్ సోర్స్ బ్రౌజర్లు కొన్నేళ్లుగా ఒకదాని తర్వాత ఒకటి తిరగరాస్తున్నది ఈ భాగాన్నే. క్రోమ్‌కి మూలమైన క్రోమియం 2019లో పాత లేఅవుట్ కోడ్ స్థానంలో లేఅవుట్ ఎన్‌జీ అనే కొత్తదాన్ని వాడుకలోకి తెచ్చింది. సర్వో అనే బ్రౌజర్ ఇంజిన్ 2012లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో మొదలై, 2020లో లైనక్స్ ఫౌండేషన్ గూటికి చేరి, 2023లో ఇగాలియా అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజినీర్ల చేతుల మీదుగా మళ్లీ ఊపందుకుంది. సెరెనిటీ ఓఎస్ అనే సరదా ప్రాజెక్టులో పుట్టిన లేడీబర్డ్ బ్రౌజర్ 2024లో విడిగా లాభాపేక్ష లేని సంస్థగా మారింది. వీటి కోడ్ అంతా బహిరంగం. ఏ మార్పు ఎందుకు చేశారో, దానికి ఎవరు అడ్డు చెప్పారో మనమూ చూడొచ్చు.

## ఇన్‌లైన్ అంటే పేజీలో ఏ భాగం

వెబ్ పేజీ అంటే పెట్టెల్లో పెట్టెలు. శీర్షిక ఒక పెట్టె, పేరా ఒక పెట్టె, ఫొటో ఒక పెట్టె. ఇవి పైనుంచి కిందికి పేర్చుకుంటూ వస్తాయి. వీటిని బ్లాక్ అంటారు. పేరా లోపలికి వెళ్తే కథ మారుతుంది. అక్కడ పదాలు, లింకులు, బొద్దు అక్షరాలు, మధ్యలో ఒక చిన్న ఎమోజీ, ఇవన్నీ ఒకే వరుసలో పక్కపక్కన నడుస్తాయి. చోటు అయిపోగానే కింది వరుసలోకి దిగుతాయి. ఇలా వరుస వెంబడి నడిచేవి ఇన్‌లైన్. ఏది ఏ వరుసలో, ఎంత దూరంలో, ఎంత ఎత్తులో కూర్చోవాలో లెక్క తేల్చడమే ఇన్‌లైన్ లేఅవుట్. రంగులు వేసి తెర మీద గీయడం దాని తర్వాతి పని.

విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టుపక్కల సీసపు అక్షరాలతో పుస్తకాలు అచ్చేసిన రోజుల్లో కంపోజిటర్ చేసిన పని ఇదే. చేతిలోని స్టిక్‌లో ఒక్కో అక్షరం పేర్చి, వరుస నిండాక ఖాళీలు సర్ది, తర్వాతి వరుస మొదలుపెట్టేవాడు. కాకపోతే అతనికి కాలమ్ వెడల్పు ముందే తెలుసు, ఒకసారి పేర్చాక అది మారేది కాదు. బ్రౌజర్‌కి ఆ భరోసా లేదు. ఫోన్ అడ్డంగా తిప్పితే వెడల్పు మారుతుంది. ఫాంట్ నెట్ నుంచి ఆలస్యంగా దిగితే ప్రతి అక్షరం కొలతా మారుతుంది. మొత్తం మళ్లీ పేర్చాలి, అదీ కళ్లు ఆర్పేలోపు.

ఈ పని దాదాపు అన్ని బ్రౌజర్లలో ఒకే క్రమంలో సాగుతుంది. పేరాలోని పాఠాన్ని పోగేస్తారు. లిపి, ఫాంట్ మారిన చోటల్లా ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కలోని సంకేతాలను అక్షర రూపాలుగా మారుస్తారు. ఎక్కడ విరవొచ్చో గుర్తిస్తారు. వరుసలు నింపుతారు. చివరికి వరుసలోని వస్తువులన్నిటినీ ఒక ఆధార రేఖ మీద నిలబెట్టి వరుస ఎత్తు తేలుస్తారు. చెప్పుకోడానికి తేలికే. ప్రతి మెట్టు దగ్గరా తెలుగుకి ఒక చిక్కు ఉంది.

## వెడల్పు తెలియాలంటే ముందు అక్షరం తయారవ్వాలి

ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరం వెడల్పు కూడుకుంటూ పోతే పదం వెడల్పు సుమారుగా వచ్చేస్తుంది. తెలుగులో ఆ లెక్క కుదరదు. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. చివర టైపు చేసిన గుడిదీర్ఘం వెళ్లి మొదట ఉన్న స నెత్తిన కూర్చుంటుంది. త, ర రెండూ వత్తులుగా మారి కిందికి చేరతాయి. చాలా ఫాంట్లలో ర వత్తు ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది. ఈ ఆరింటి వెడల్పులు విడివిడిగా కూడితే వచ్చే అంకెకీ, తెర మీద స్త్రీ ఆక్రమించే చోటుకీ పొంతన ఉండదు.

సంకేతాల వరుసను ఇలా అక్షర రూపాలుగా మార్చే పనిని షేపింగ్ అంటారు. ఏ వత్తు ఎక్కడికి పోవాలి, ఏ రెండు కలిస్తే కొత్త రూపం రావాలి అనే నియమాలు కొంత ఫాంట్ ఫైల్ లోపలి పట్టికల్లో, కొంత షేపింగ్ ఇంజిన్‌లో ఉంటాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, సర్వో, అన్నీ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఒకే ఓపెన్ సోర్స్ లైబ్రరీని వాడతాయి. మొదట్లో అన్నీ సొంతంగా రాసుకోవాలని పట్టుబట్టిన లేడీబర్డ్ కూడా 2024లో దీనికే వచ్చింది. లిపుల విషయంలో ‘మేమే రాసుకుంటాం’ అనే పంతం ఎక్కువకాలం నిలవదని నాకనిపిస్తుంది. తెలుగు ఒక్కటే కాదు, బర్మీస్, ఖ్మేర్, అరబిక్ కూడా రాయాలి మరి.

అజిత్‌సింగ్‌నగర్ గొడవ పుట్టేది ఈ మెట్టులోనే. త్ తర్వాత స వస్తే వత్తు చేయమనేది తెలుగు నియమం. ‘వత్సరం’లో అదే కావాలి. పేట పేరులో మాత్రం పొల్లు పొల్లుగానే ఉండాలి. అందుకోసం త్ తర్వాత కంటికి కనబడని, వెడల్పు లేని ఒక సంకేతం పెడతారు. ఇక్కడ కలపొద్దు అని షేపింగ్ ఇంజిన్‌కి చెప్పడమే దాని పని. కొన్ని సైట్లు, డేటాబేస్‌లు కనబడని సంకేతాలను చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. అప్పుడు వత్తులు పుట్టుకొస్తాయి. బ్రౌజర్ తప్పు లేకుండానే బ్రౌజర్ మాట పడే సందర్భం ఇది.

కనబడని ఈ సంకేతం ఒకసారి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది కూడా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞకీ దీర్ఘానికీ మధ్య ఈ వెడల్పు లేని సంకేతం ఉన్న ఒక ప్రత్యేక కూర్పును ఆపిల్ అక్షర ఇంజిన్ తట్టుకోలేకపోయింది. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అక్షరాన్ని పేర్చడం అలంకారం పని కాదని, అక్కడ పొరపాటు జరిగితే యాప్ మొత్తం ఆగిపోతుందని అప్పుడు అందరికీ తెలిసింది.

## చెట్టుగా చూడాలా, తాడుగా చూడాలా

ఇప్పుడు అసలు తిరగరాత దగ్గరికి వద్దాం. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. దాని స్వభావం చెట్టు లాంటిది. పేరా కింద లింకు, లింకు కింద బొద్దు పదం, ఇలా కొమ్మలు. పాత లేఅవుట్ కోడ్ ఈ చెట్టును ఉన్నదున్నట్టు నడిచి, ఒక్కో కొమ్మలోని పాఠాన్ని విడిగా షేపింగ్‌కి పంపేది. కొమ్మ ముగిసిన చోట పాఠమూ ముగిసినట్టే.

పిల్లలకి వత్తులు నేర్పే పేజీ ఒకటి ఊహించుకోండి. ‘అమ్మ’ అనే మాటలో మ వత్తును మాత్రం వేరే ట్యాగ్‌లో, అంటే హెచ్‌టీఎంఎల్ గుర్తుల మధ్య, పెట్టారు, ఎరుపు రంగు కోసం. చెట్టు పద్ధతిలో ‘అమ’ ఒక ముక్క, ‘పొల్లు, మ’ ఇంకో ముక్క. రెండో ముక్కలో పొల్లుకి పట్టుకోడానికి హల్లు లేదు. కాబట్టి ఇంజిన్ హల్లు ఉండాల్సిన చోట ఒక చుక్కల వలయం గీస్తుంది. వత్తు నేర్పబోతే వత్తు తన హల్లుకే దూరమైంది. అరబిక్‌లో అయితే కలిసి రాయాల్సిన అక్షరాలు ట్యాగ్ దగ్గర విడిపోతాయి. ఇంగ్లిష్ చదివేవాళ్లకి ఇలాంటివి కనబడవు కాబట్టే ఈ లోపం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిందని నా అనుమానం.

కొత్త పద్ధతి చెట్టును తాడుగా సాగదీస్తుంది. పేరాలోని మొత్తం పాఠం ఒకే పొడవాటి వరుస. ఏ ట్యాగ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పక్కన ఒక జాబితా. మధ్యలో బొమ్మ ఉంటే దాని స్థానంలో ఒక గుర్తు. లేఅవుట్ ఎన్‌జీ చేసింది ఇదే. సర్వో కొత్త లేఅవుట్ కూడా ఇటువైపే నడిచింది. ఫాంట్, సైజు మారనంతవరకు ట్యాగ్ గోడలను దాటి షేపింగ్ జరుగుతుంది. పేజీ రూపురేఖలు నిర్ణయించే సీఎస్ఎస్ భాష ప్రమాణం కూడా అక్షర రూపాన్ని మార్చని ట్యాగ్ దగ్గర షేపింగ్ తెగకూడదనే అంటుంది. అదే ట్యాగ్‌కి పక్కన ఖాళీ గానీ అంచు గానీ ఇస్తే మాత్రం తెంచాల్సిందే, నడిమధ్య ఖాళీ పెట్టి అక్షరాన్ని కలిపి రాయలేరు కదా.

మరి ఎరుపు వత్తు సంగతి? తాడు పద్ధతిలో ‘అమ్మ’ సరిగ్గా వస్తుంది. రంగు మాత్రం వత్తు ఒక్కదానికే అంటుకుంటుందన్న హామీ లేదు. షేపింగ్ అయ్యాక మ్మ మొత్తం విడదీయరాని ఒక గుత్తి. దాన్ని ఏ రంగులో గీయాలన్నది బ్రౌజర్‌ని బట్టి మారుతుంది.

తాడు పద్ధతికి ఖర్చు ఉంది. పేరా మొత్తాన్ని ఒక్కసారే షేప్ చేస్తే, తర్వాత వరుస విరిచిన చోట అక్షరాల రూపం మారిపోవచ్చు. అప్పుడు మళ్లీ మొదటికి రావాలా? దీనికి హార్ఫ్‌బజ్ 2017లో ఒక సదుపాయం చేర్చింది. ఒక్కో అక్షర రూపం దగ్గర ‘ఇక్కడ విరిస్తే ప్రమాదం’ అనే గుర్తు పెట్టి ఇస్తుంది. గుర్తు లేని చోట విరిస్తే ముందు చేసిన కొలతలు అలాగే పనికొస్తాయి. గుర్తు ఉంటే దగ్గర్లోని సురక్షితమైన చోటు దాకా ఉన్న ముక్కను మాత్రమే మళ్లీ షేప్ చేస్తే చాలు. ఫోన్ తిప్పినప్పుడు పేజీ చకచకా సర్దుకోవడం వెనక ఇలాంటి చిన్న పొదుపులు బోలెడు.

ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెకోది వేరే దారి. అది ఖాళీ దగ్గర పాఠాన్ని పదాలుగా విడగొట్టి, ఒకసారి షేప్ చేసిన పదాన్ని దాచుకుని, అదే పదం మళ్లీ వస్తే తిరిగి వాడుతుంది. ‘మరియు’ పేజీలో ఎన్నిసార్లు వచ్చినా పని ఒక్కసారే. ఖాళీ మీదుగా రూపం మార్చే నియమాలు ఉన్న ఫాంట్లకి ఇది కుదరదు కాబట్టి వాటికి మినహాయింపు పెట్టుకున్నారు. పదాల నిల్వ మేలా, పేరా మొత్తం షేపింగ్ మేలా అంటే, ఒకే మాటలు పదేపదే వచ్చే పేజీలో మొదటిది, ట్యాగులు కిక్కిరిసిన పేజీలో రెండోది నెగ్గొచ్చు.

సర్వో గురించి వినిపించే ఒక ఆశను కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. రస్ట్ భాషలో రాసి, లేఅవుట్‌ని ప్రాసెసర్ కోర్లన్నిటికీ పంచాలన్నది మొదటి నుంచీ దాని లక్ష్యం. అయితే ఒకే పేరా లోపల పంచడానికి పెద్దగా ఏమీ ఉండదు. మొదటి వరుస ఎక్కడ ముగిసిందో తేలకుండా రెండోది మొదలవ్వదు. లాభమంతా వేర్వేరు పేరాలను వేర్వేరు కోర్లకు ఇవ్వడంలోనే.

## ఎక్కడ విరిస్తే అక్షరం బతుకుతుంది

తెలుగులో వరుస సాధారణంగా ఖాళీ దగ్గరే విరుగుతుంది. లిపులన్నిటికీ సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం నియమాలూ అదే అంటాయి. మన ఇబ్బంది మాటల పొడవు. ‘వెళ్లిపోవాల్సివచ్చినప్పుడల్లా’ అన్నది ఒకే మాట. రేణిగుంట, అరక్కోణం మధ్య ‘వెంకటనరసింహరాజువారిపేట’ అనే రైల్వే స్టేషన్ ఉంది. ఫోన్‌లో మూడు నిలువు గళ్ల పట్టికలో ఆ పేరు ఎక్కడా పట్టదు.

పట్టనప్పుడు రెండు దారులు. పక్కకి పొడుచుకొచ్చినా సరే విరవకుండా ఉంచడం, లేదా మాట మధ్యలో విరవడం. రెండోదానికి వెబ్‌సైట్ అనుమతి ఇస్తే, బ్రౌజర్ ‘ఒక అక్షరం’ హద్దు దగ్గర విరుస్తుంది. ఆ హద్దు ఏదన్నదే తగాదా. 2023 సెప్టెంబరు దాకా యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం ‘శ్వ’ రెండు అక్షరాలు: శ్ ఒకటి, వ ఒకటి. అంటే విశ్వవిద్యాలయం అనే మాట ఇరుకు గడిలో ‘విశ్’ అని ఒక వరుసలో, ‘వవిద్యాలయం’ అని కింది వరుసలో పడొచ్చు. వ వత్తు కాస్తా నిండు వ అయి కూర్చుంటుంది. అచ్చులో అలా వస్తే ప్రూఫులు చూసేవాళ్లు ఊరుకునేవారు కాదు.

యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని మార్చింది. హల్లు, పొల్లు, హల్లు కలిసిన గుత్తిని ఒకే అక్షరంగా లెక్కించాలన్నది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగూ ఆ జాబితాలో చేరింది. పక్కనే ఉన్న కన్నడ అప్పటి జాబితాలో లేదు. కొత్త నియమంతో ‘వి’ తర్వాత విరవొచ్చు, ‘శ్వ’ తర్వాత విరవొచ్చు, శ్వ నడుమ విరవకూడదు. అజిత్‌సింగ్‌లో కనబడని సంకేతం ఉంది కాబట్టి త్ తర్వాత మాత్రం విరవొచ్చు. నోటితో పలికి చూస్తే అదే సబబు అనిపిస్తుంది. ఈ నియమం ఫోన్‌లో పనిచేయాలంటే బ్రౌజర్ వాడే యూనికోడ్ డేటా కొత్తదై ఉండాలి. పాత ఫోన్‌లో పాత పద్ధతే.

అందరూ దీనికి చప్పట్లు కొట్టలేదు. కర్సర్ కదిపే విషయంలో చూడండి. గుత్తి మొత్తం ఒక అక్షరమైతే ‘స్త్రీ’ లోపలికి కర్సర్ వెళ్లదు. వత్తు తప్పు పడితే మధ్యలో దిద్దే వీలు తగ్గుతుంది. చదివేవాళ్లకి గుత్తి ఒక్కటే, టైపు చేసేవాళ్లకి మాత్రం అది ఆరు మెట్లు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్‌లో కర్సర్ గుత్తి మీదుగా దూకినా, బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్కో సంకేతాన్నే చెరుపుతుంది. ఒకే నియమంతో రెండు పనులూ చేయాలనుకోవడంలోనే చిక్కు ఉంది.

అడ్డగీత పెట్టి విరవడం ఇంకో దారి. తెలుగు మాటలను ఎక్కడ విరవొచ్చో చెప్పే నమూనాలు టెక్ (TeX) అనే అచ్చు వ్యవస్థ వాడేవాళ్ల చలవతో ఎప్పుడో తయారయ్యాయి. బ్రౌజర్ వాటిని వాడాలంటే పేజీ తెలుగులో ఉందని హెచ్‌టీఎంఎల్‌లో చెప్పి ఉండాలి. చాలా సైట్లు ఆ ఒక్క మాటే చెప్పవు. అసలు తెలుగుకి అడ్డగీత కావాలా అన్నదీ ప్రశ్నే. పత్రికల కాలమ్‌లలో గీత లేకుండానే మాట విరిగి కింద కొనసాగడం మన కళ్లకు అలవాటు. గీత బదులు ఏమీ చూపకుండా విరిచే వీలు కూడా సీఎస్ఎస్‌లో ఉంది.

## నింపుకుంటూ పోవడమా, ముందుచూపా

విరిచే చోట్లు తెలిశాక, వాటిలో ఏవి ఎంచుకోవాలి? బ్రౌజర్లు మొదటి నుంచీ పాటించేది ఆశపోతు పద్ధతి. ఈ వరుసలో ఎన్ని మాటలు పడితే అన్ని కుక్కు, మిగిలింది తర్వాత చూద్దాం. ‘గుంటూరు మిర్చి ధర పెరుగుతోంది’ అనే శీర్షికను ఆరు అక్షరాల వెడల్పున్న గడిలో పెట్టి చూద్దాం. ఖాళీని కూడా ఒక అక్షరంగా లెక్కిద్దాం. గుంటూరు మూడు, మిర్చి రెండు, ధర రెండు, పెరుగుతోంది అయిదు.

ఆశపోతు పద్ధతిలో మొదటి వరుస ‘గుంటూరు మిర్చి’, సరిగ్గా ఆరు, మిగులు సున్న. తర్వాత ‘ధర’ ఒంటరిగా, మిగులు నాలుగు. చివర ‘పెరుగుతోంది’, మిగులు ఒకటి. ఖాళీ ఎంత ఎక్కువైతే అంత వికారం కాబట్టి మిగులును వర్గం చేసి కూడితే 0, 16, 1 కలిపి 17. ముందుచూపుతో ‘గుంటూరు’, ‘మిర్చి ధర’, ‘పెరుగుతోంది’ అని విరిస్తే మిగులు మూడు, ఒకటి, ఒకటి. వర్గాలు 9, 1, 1, మొత్తం 11. వరుసలు రెండింట్లోనూ మూడే. రెండోది చూడ్డానికి కుదురుగా ఉంది, ‘మిర్చి ధర’ కలిసి ఉండటంతో చదవడానికీ బాగుంది.

ఈ ముందుచూపు లెక్కను కంప్యూటర్ శాస్త్రవేత్తలు డొనాల్డ్ నూత్, మైకేల్ ప్లాస్ 1981లోనే ప్రచురించారు. టెక్‌లో అది ఎప్పటి నుంచో ఉంది. బ్రౌజర్లలోకి రావడానికి నలభై ఏళ్లు ఎందుకు పట్టిందంటే బ్రౌజర్ల వైపు వాదనలూ బలమైనవే. టైపు చేస్తున్న పెట్టెలో ముందుచూపు వాడితే చివర ఒక మాట చేర్చగానే పైనున్న వరుసలన్నీ కదులుతాయి. అది చిరాకు. పక్కన ఫొటో ఉంటే వరుస వెడల్పు అది ఎంత కిందికి వచ్చిందన్నదాన్ని బట్టి మారుతుంది. వరుస ఎత్తేమో అందులో పడే మాటలను బట్టి తేలుతుంది. మాటలు ఎంచుకోకుండా వెడల్పు తెలియదు, వెడల్పు తెలియకుండా మాటలు ఎంచుకోలేం.

ఇప్పుడున్నది రాజీ. సీఎస్ఎస్‌లో టెక్స్ట్-ర్యాప్ అనే గుణానికి ‘బ్యాలెన్స్’ అని పెడితే శీర్షికల్లాంటి పొట్టి పాఠాన్ని సమంగా పంచుతారు. క్రోమియంలో ఆరు వరుసలు, ఫైర్‌ఫాక్స్‌లో పది దాటితే ఆ ప్రయత్నం మానేస్తారు. ‘ప్రెటీ’ అని ఇంకోటి ఉంది. దానికి క్రోమియం పేరా చివరి నాలుగు వరుసలనే చూసి ఒంటరి మాట మిగలకుండా చేస్తే, ఆపిల్ సఫారీకి మూలమైన వెబ్‌కిట్ పేరా మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. పేరు ఒకటే, చేసే పని రెండు చోట్లా వేరు. ప్రమాణం కావాలనే ఆ వెసులుబాటు ఇచ్చింది.

పొడవాటి మాటలున్న తెలుగులో ముందుచూపు ఎక్కువ మేలు చేస్తుందా? చెప్పడం అంత తేలిక కాదు. విరిచే చోట్లే తక్కువైనప్పుడు ఎంచుకోడానికి ఏమీ మిగలదు. మాట లోపల విరవడం కూడా కలిస్తేనే దాని బలం బయటపడుతుంది. రెండు అంచులూ సమంగా ఉండేలా సర్దిన తెలుగు పేరాలు ఫోన్‌లో పెద్దపెద్ద ఖాళీలతో కనిపించేది ఇందుకే.

## కోసిన వత్తులు: నిలువు లెక్క

ఇక శీర్షికల కింద తెగే వత్తుల సంగతి. ప్రతి ఫాంట్ తనకి ఆధార రేఖ పైన ఎంత, కింద ఎంత కావాలో చెబుతుంది. వెబ్‌సైట్ లైన్-హైట్ అని వరుస ఎత్తు చెబుతుంది. రెండింటికీ తేడా ఉంటే, ఆ తేడాలో సగం పైన, సగం కింద పంచుతారు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. సైట్ ఫాంట్ సైజు 20 పిక్సెళ్లు, లైన్-హైట్ 1.2, అంటే వరుసకి 24. సైట్ ఎంచుకున్నది ఇంగ్లిష్ ఫాంట్, దానికి పైన 19, కింద 5, మొత్తం 24, సరిపోయింది. ఆ ఫాంట్‌లో తెలుగు లేదు. కాబట్టి బ్రౌజర్ ఫోన్‌లోని తెలుగు ఫాంట్‌ని అరువు తెస్తుంది. ‘రాష్ట్రీయ’ లాంటి మాటకి పైన గుడిదీర్ఘానికి 20, కింద జంట వత్తులకి 12 కావాలనుకుందాం. అసలు మెలిక ఇక్కడుంది. లైన్-హైట్‌కి అంకె ఇచ్చినప్పుడు బ్రౌజర్ లెక్కలోకి తీసుకునేది సైట్ చెప్పిన మొదటి ఫాంట్ కొలతలనే. అరువు ఫాంట్ ఎంత చోటు అడిగినా వినదు.

ఫలితం చూడండి. మొదటి వరుస వత్తులు ఆధార రేఖ కింద 12 దాకా దిగుతాయి. రెండో వరుస ఆధార రేఖ 24 దగ్గర, దాని గుడులు 20 పైకి, అంటే 4 దగ్గర మొదలవుతాయి. 4 నుంచి 12 వరకు, 8 పిక్సెళ్ల మేర పై వరుస వత్తులూ కింది వరుస గుడులూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. శీర్షికను రెండు వరుసలకే పరిమితం చేసి మిగతాది దాచమంటే పెట్టె ఎత్తు 48. రెండో వరుస ఆధార రేఖ 43 దగ్గర, వత్తు 55 దాకా వెళ్లాలి. 48 దగ్గర కోత. ఏడు పిక్సెళ్ల వత్తు గల్లంతు. అదే లైన్-హైట్ 1.6 అయితే వరుసకి 32 వచ్చి, రెండు వరుసల మధ్య పైవీ కిందివీ కొట్టుకోకుండా సర్దుకుంటాయి, చివరి కోత కూడా ఏడు నుంచి మూడు పిక్సెళ్లకి తగ్గుతుంది.

అంకె ఇవ్వకుండా ‘నార్మల్’ అని వదిలేస్తే బ్రౌజర్ అరువు ఫాంట్‌నీ లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు తెలుగున్న వరుస ఎత్తుగా, వట్టి ఇంగ్లిష్ వరుస పొట్టిగా వచ్చి పేరా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. డిజైనర్లు అంకె ఇచ్చేది ఈ ఎగుడుదిగుడు పోవాలనే.

అయితే బ్రౌజర్ జోక్యం చేసుకుని తెలుగుకి ఎత్తు పెంచాలా? పెంచాలనేవాళ్లు, అక్షరం తెగడం కంటే డిజైన్ కొంచెం చెదరడం నయం అంటారు. వద్దనేవాళ్లు, సైట్ రాసిన అంకెను బ్రౌజర్ మారిస్తే బటన్లు, మెనూలు ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా వస్తాయని, పాతికేళ్ల పాత పేజీలూ చెదురుతాయని అంటారు. ఆండ్రాయిడ్ యాప్‌ల ప్రపంచంలో ఈ తూకం ఒకవైపు మొగ్గింది. అక్కడ తెలుగు లాంటి లిపులను నిలువునా కుదించిన ఫాంట్లతో ఇరికించే అలవాటు ఉండేది. ఆండ్రాయిడ్ 15ని లక్ష్యంగా చేసుకున్న యాప్‌లలో అక్షరానికి తగిన పూర్తి ఎత్తు ఇవ్వడమే మామూలు పద్ధతి అయింది. వెబ్‌లో మాత్రం ఆ నిర్ణయం ఇంకా సైట్ తయారుచేసేవాళ్ల చేతిలోనే ఉంది. నా మట్టుకు నాకు వద్దనేవాళ్ల వాదన ఒప్పుకోదగ్గదే, కానీ దాని ఖర్చు మొత్తం తెలుగు, తమిళం, బర్మీస్ చదివేవాళ్ల మీదే పడుతోంది.

## బాగైందని ఎవరు తేలుస్తారు

ఇంత కోడ్ తిరగరాశాక ఏదీ పాడవలేదని ఎలా తెలుస్తుంది? క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్, సర్వో, లేడీబర్డ్, అన్నిటికీ వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి పరీక్షల రాశి ఉంది. లేఅవుట్ పరీక్షలు ఎక్కువగా జంటలుగా ఉంటాయి. ఒక పేజీలో పరీక్షించాల్సిన విషయం, రెండోదాంట్లో అదే ఫలితం ఇంకో తేలిక మార్గంలో. రెండు బొమ్మలూ ఒకేలా వస్తే పాస్.

ఈ పరీక్షల్లో చాలావాటికి ఆహెమ్ అనే ఫాంట్ వాడతారు. అందులో దాదాపు ప్రతి అక్షరమూ ఒక నల్లటి చదరమే, పైన 0.8 వంతు, కింద 0.2 వంతు. కొలతలు ఎప్పుడూ మారవు కాబట్టి వరుస ఎత్తు లెక్కలో తేడా వస్తే ఇట్టే దొరికిపోతుంది. ఇంజినీర్లకి అది వరం. చదరాలకి వత్తులుండవు, గుడులుండవు. అందుకే ఆ పరీక్షలన్నీ గట్టెక్కిన ఇంజిన్‌లోనూ ‘రాష్ట్రీయ’ కింద కోత పడొచ్చు. అసలు ఫాంట్లతో పరీక్షలు పెడదామంటే, ఫాంట్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అంకెలు మారి పరీక్షలు ఊరికే ఫెయిలవుతాయని భయం.

జంట పేజీల పద్ధతిలో దీనికి ఒక మధ్యే మార్గం ఉంది. ఒక పేజీలో ట్యాగ్ లేని ‘అమ్మ’, రెండోదాంట్లో మ వత్తు చుట్టూ రంగు గానీ ఖాళీ గానీ ఇవ్వని ఉత్త ట్యాగ్ పెట్టిన ‘అమ్మ’. ఫాంట్ ఏదైనా, దాని కొలతలు ఎంతైనా, రెండూ ఒకేలా రావాలి. రాకపోతే ఇంజిన్ ట్యాగ్ దగ్గర షేపింగ్‌ని తెంచుతోందన్నమాట. ఇలాంటి పరీక్ష రాయడానికి సీ ప్లస్ ప్లస్ గానీ రస్ట్ గానీ రానక్కర్లేదు, నాలుగైదు వరుసల హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు రెండు చాలు.